మిస్సింగ్ కొట్టే బండి ముందు మేస్త్రి

విజయవాడ ఆటోనగర్‌లో పాత మారుతి 800లు చూసే ఒక మేస్త్రి పనితనం గురించి ఎన్నాళ్లుగానో రాయాలనుకుంటున్నాను. బండి మిస్సింగ్ కొడుతోందంటే ప్లగ్గులు మార్చేసి పంపేవాళ్లే ఎక్కువ. ఈయన ముందు ఏ సిలిండర్ పలకడం లేదో తేలుస్తాడు.

ఉన్నవి మూడే సిలిండర్లు. ఒకటి పడుకుంటే బండి ఒళ్లంతా వణుకుతుంది. ఇంజన్ ఆపి ఒక వైరు పీకుతాడు. దాని కొసకు వేరే ప్లగ్గు తగిలించి హెడ్‌కి ఆనించి, మళ్లీ స్టార్ట్ చేసి వింటాడు. వైరును ఊరికే వదిలేస్తే దారి లేని కరెంటు కాయిల్‌నే దెబ్బతీస్తుంది. ఒకసారి ఓ బండికి అటూ ఇటూ ఉన్న రెండు వైర్లలో ఏది తీసినా ఇంజన్ గొంతు పడిపోయింది. మధ్య వైరు తీస్తే ఏ తేడా లేదు. చిత్రంగా, బయట పెట్టిన ప్లగ్గులో నిప్పు బాగానే దూకింది. బయటి గాలిలో దూకడం తేలిక. లోపల నొక్కుకుపోయిన మిశ్రమంలో దూకాలంటే 10,000 వోల్టులు దాటాలి.

మధ్య ప్లగ్గు పెట్రోలుతో తడిసి వచ్చింది. అంటే పెట్రోలు అందుతోంది, నిప్పే అందడం లేదు. ఆ ప్లగ్గును ఆరబెట్టి మొదటి సిలిండర్‌కి వేస్తే శుభ్రంగా పనిచేసింది. అప్పుడు షట్టర్ సగం దించి, చీకట్లో వైర్ల మీద నీళ్లు సన్నగా పిచికారీ చేశాడు. మధ్య వైరు నుంచి హెడ్ బోల్టుకి నీలంగా నిప్పు దూకింది.

వైరు ఒక్కటీ మారిస్తే సరిపోదా? ఆయన ప్లగ్గు కొస చూపించాడు. పదునుగా ఉండాల్సిన అంచులు అరిగి గుండ్రంగా ఉన్నాయి, గ్యాప్ పెరిగింది. గ్యాప్ పెరిగిన కొద్దీ ఎక్కువ వోల్టేజీ కావాలి, ఆ ఒత్తిడికే వైరు తొడుగు చిట్లుతుంది. పాత ప్లగ్గు ఉంచితే కొత్త వైరుకీ అదే గతి. ఈ కార్యకారణం పట్టుకోవడంలోనే ఆయన గొప్పతనమంతా నాకు కనిపిస్తుంది.

ఇక చేతి పని. ఇంజన్ చల్లారేదాకా ముట్టుకోడు, అల్యూమినియం హెడ్ వేడిమీద త్రెడ్డు ఊడొస్తుంది. ప్లగ్గు గుంటలో ఇసుక సిలిండర్‌లో పడకుండా ముందు గాలి కొడతాడు. కొత్త ప్లగ్గుకైనా ఫీలర్ గేజ్ పెట్టి, 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్ల మధ్య ఉందని చూసుకుంటాడు. సరిచేయాల్సొస్తే బయటి కొమ్మునే వంచుతాడు, నడిమి కొస మీద బలం పెడితే పింగాణీ చిట్లుతుంది. తర్వాత ప్లగ్గు తలకి పాత పెట్రోలు పైపు ముక్క తొడిగి, దాన్ని రెండు వేళ్లతో తిప్పుతాడు. త్రెడ్డు అడ్డంగా పడితే రబ్బరు జారుతుంది, ఇంజన్‌కి దెబ్బ తగలదు.

"బరువు తగిలిందా, ఆపెయ్ రా," అన్నాడు పక్కనున్న కుర్రాడితో.

"పానాతో బిగించొద్దా బాబాయ్?"

"చేత్తో ఆగిపోయాక సగం చుట్టు. వాషర్ అణిగితే చాలు."

వైర్లు మాత్రం ఒకటి తీసి ఒకటే వేస్తాడు, ఫైరింగ్ వరస తారుమారు కాకుండా.

ఐడ్లింగ్ నున్నగా ఉందని బండి అప్పగించడు. నిప్పు మీద భారం పడేది యాక్సిలరేటర్ తొక్కినప్పుడే. బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ మీదికి మూడో గేరులో ఎక్కించి, జర్కు లేకుండా లాగిందని చూసుకున్నాకే బిల్లు రాస్తాడు.