టాల్‌స్టాయి కథలో సేవారాధనము

రష్యా రచయిత టాల్‌స్టాయి 1885లో రచించిన ‘ప్రేమ యున్నచోట దేవుఁడుండును’ అను కథలో, చెప్పులు కుట్టు మార్టిను క్రీస్తు రాకకై వేచియుండును. నేలమాళిగ కిటికీనుండి వానికి బాటసారుల పాదరక్షలు మాత్రమే కానవచ్చును. వీథిలో మంచు తీయు వృద్ధునకుఁ దేనీరును, చలికి వడఁకు పసిబిడ్డతల్లికి నన్నవస్త్రములును వాఁడొసఁగును. ఇవి మత్తయి సువార్త 25వ యధ్యాయమునఁ జెప్పిన సేవలే. పండ్లమ్ము ముసలిదానికిని, పండు దొంగిలించిన బాలునకును సఖ్యము గూర్చుట యా పట్టికలో లేదు. కలహశమనమును నారాధనయే యనుట కథలోని విశేషము.

తుదిని వీరి రూపములలోఁ గ్రీస్తు గోచరించుటయు, సువార్తపఠనమును పునరుక్తిగాఁ దోఁపవచ్చును. కాని సువార్తలోని నీతిమంతులవలె మార్టినును దాను సేవించినది ప్రభువునే యని యెఱుఁగఁడు. ఎఱిఁగి చేసినచో నది బేరమగును. ఎఱుఁగక చేయుటచేతనే యారాధన యైనది. ఆ యెఱుక తుదినే కలుగుటచే నీ ముగింపు పునరుక్తి గాదు, కథకుఁ బ్రాణము.