ఎత్తు పెంచిన జిప్సీకి మెత్తటి నడక

మారుతీ జిప్సీ 1985లో మన రోడ్ల మీదికి వచ్చింది. సైన్యంలో పనిచేసింది, ర్యాలీల్లో పరిగెత్తింది. పులుల అడవుల్లో సఫారీ బండిగా పేరు తెచ్చుకుంది. బరువు సుమారు టన్ను. ముందూ వెనకా రిజిడ్ ఇరుసులు, నాలుగు చక్రాలకూ కమాను కట్టలు. ఏ ఊరి షెడ్డులోనైనా విప్పి బిగించుకోగలగడమే దాని గొప్ప. కుదుపు సంగతి మాత్రం వెనక బెంచీలో కూర్చున్నవాళ్లను అడగాలి.

పెద్ద టైర్లు పట్టాలని, రాళ్లకు కింది భాగం తగలకూడదని చాలామంది ఈ బండిని రెండు మూడు అంగుళాలు ఎత్తిస్తారు. ఆ తర్వాత నడక ఇంకా మొరటుగా మారిందంటారు. ఆ తప్పు ఎత్తుది కాదు, ఎత్తు తెచ్చిన పద్ధతిది. కట్టలో ఒక పట్టీ అదనంగా వేస్తే బండి లేస్తుంది. కానీ కమాను గట్టిపడినందువల్లే లేస్తుంది.

బండి బరువుకు కమాను ఎంత కుంగుతుందన్నదే మెత్తదనానికి అసలు కొలత. 10 సెంటీమీటర్లు కుంగే కమాను మీద బండి సెకనుకు 1.6 సార్లు ఊగుతుంది. 5 సెంటీమీటర్లే కుంగితే ఆ ఊపు 2.2కు చేరుతుంది. 1 నుంచి 1.5 దాకా ఉండే నిదానపు ఊపు ఒంటికి హాయి. అది దాటేకొద్దీ ప్రతి గుంతా వెన్నెముకకు తెలుస్తుంది. అందుకే ఎత్తును పట్టీల మందంతో కాక వంపుతో తెచ్చుకోవాలి. మందం 6 మిల్లీమీటర్ల నుంచి 7కు పెరిగితే పట్టీ దాదాపు 60 శాతం గట్టిపడుతుంది. అదే పొడవు పదో వంతు పెరిగితే గట్టితనం నాలుగో వంతు తగ్గుతుంది. కమాన్లు కట్టే పాత పనివాళ్లు ఈ లెక్కలు రాసుకోరు. పట్టీ చేత పట్టుకుని, బండి మీద ఎంత బరువు వేస్తారని ముందు అడుగుతారు. ఆ ప్రశ్న అడగని షెడ్డుకు బండి ఇవ్వకపోవడమే మంచిది. ముందు వించ్, వెనక పెట్రోల్ క్యాన్లు, పైన క్యారియర్ మోసే బండికి పనికొచ్చే కమాను, ఆదివారం ఇద్దరే ఎక్కే బండికి శిక్షే.

పట్టీల మధ్య రాపిడి మరో సంగతి. అది కొంతవరకు షాక్ అబ్జార్బర్ చేసే పనే చేస్తుంది, కానీ మొండిగా చేస్తుంది. చిన్న కుదుపుకు పట్టీలు ఒకదానిపై ఒకటి జరగనే జరగవు, ఆ అదురంతా చాసిస్‌కు ఎక్కుతుంది. తుప్పు పట్టిన కట్టను విప్పి, శుభ్రం చేసి, పట్టీల కొసల మధ్య నైలాన్ ముక్కలు పెట్టిస్తే కొత్త సామాను కొనకుండానే తేడా తెలుస్తుంది. పారబోలిక్ కమాన్లు ఇంకా మేలు. వాటిలో పట్టీలు తక్కువ. కొసలకు వచ్చేకొద్దీ పలచబడి, మధ్యలోనూ చివర్లలోనూ మాత్రమే ఆనుకుంటాయి. రాపిడి పోయింది కాబట్టి ఊపును ఆపే భారమంతా షాకుల మీద పడుతుంది. పారబోలిక్ వేసి పాత షాకులే ఉంచితే బండి తెప్పలా తేలుతుంది.

షాకుకు ముందు పొడవు చూడాలి. ఎత్తించిన బండికి పాత షాకే ఉంటే చక్రం కిందికి దిగగానే అది పూర్తిగా సాగి ఠక్కున కొడుతుంది. మరీ పొడుగుదైతే ఇరుసును పైన ఆపే బంప్ స్టాప్ తగలకముందే లోపలే గుద్దుకుని పగులుతుంది. జాకీ పెట్టి చక్రాన్ని పూర్తిగా పైకీ కిందికీ కదిలించి రెండు కొలతలూ తీసుకోవడం అరపూట పనే. ఆ పని చేయకుండా పొట్లం మీది అంగుళాలు చూసి కొనకండి.

తర్వాత లోపలి బిగువు. కమాను నొక్కుకున్నప్పటి కన్నా తిరిగి సాగేటప్పుడు షాక్ ఎక్కువగా పట్టి ఉంచాలి. బరువైన పెద్ద టైర్లు వేస్తే ఈ పట్టు ఇంకాస్త కావాలి. మరీ ఎక్కువైతే వరస గతుకుల్లో చక్రం కిందికి దిగేలోపే తర్వాతి గతుకు వస్తుంది. బండి కుంగిపోతూ బండబారుతుంది. గతుకుల దారిలో గంటల తరబడి నడిస్తే షాకులో నూనె వేడెక్కుతుంది, గాలి కలిసి నురగవుతుంది, పట్టు సడలుతుంది. ఫ్రాన్స్‌లో ద కార్బాన్ అనే ఇంజనీరు రూపొందించిన మోనోట్యూబ్ (ఒకే గొట్టం) పద్ధతిలో అధిక పీడన గ్యాసును నూనెతో కలవకుండా ఒక తేలే పిస్టన్ వేరుచేస్తుంది కాబట్టి నురగ రాదు. అయితే గొట్టానికి రాయి తగిలి సొట్ట పడితే మోనోట్యూబ్ బిగుసుకుపోతుంది, రెండు గొట్టాల ట్విన్‌ట్యూబ్ తట్టుకుంటుంది. జిప్సీ లాంటి తేలికపాటి బండికి, అడపాదడపా అడవిదారి పట్టేవారికి మంచి ట్విన్‌ట్యూబ్ చాలని నా అభిప్రాయం.

కమాను కొసను చాసిస్‌కు కలిపే షాకిళ్లను పొడుగువి వేసి ఎత్తు తెచ్చుకోవడం నాకు నచ్చదు. షాకిల్ 2 అంగుళాలు పెంచితే బండి లేచేది 1 అంగుళమే. పైగా ముందు ఇరుసు తిరిగిపోయి, కాస్టర్ (చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలే కోణం) తగ్గి, మలుపు తర్వాత స్టీరింగ్ తనంతట తాను తిన్నగా రాదు. చట్టం మాట కూడా మరవకండి. ఆర్.సి.లోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ నిషేధించింది. 2019లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది.

డబ్బు తీసేముందు టైర్లలో గాలి చూసుకోండి, అరిగిన బుష్‌లు మార్పించండి. కమాన్లు వేయించే రోజున మెకానిక్ పక్కనే ఉండండి. రబ్బరు బుష్‌ల బోల్టులను చక్రాలు నేల మీద ఆని, బరువు పడ్డాకే పూర్తిగా బిగించమనండి. గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు మెలితిరిగి ఉండిపోతుంది. కొత్త కమాను కూడా గట్టిగానే ఉంటుంది, బుష్ త్వరగా చిరుగుతుంది.