జత కుదిరిన వేగం

పాత డెస్క్‌టాప్ కంప్యూటర్లలోని ప్రాసెసర్‌ను కంపెనీ నిర్ణయించిన వేగాన్ని మించి నడిపించే విద్యను ఓవర్‌క్లాకింగ్ అంటారు. పేరంతా ప్రాసెసర్‌దే అయినా, ఆ పనికి పూనుకున్నవారి రాత్రులను ఎక్కువగా మింగేసేది మాత్రం మెమరీ, అంటే ర్యామ్. ప్రాసెసర్ తన వేగాన్ని తానే పుట్టించుకోదు. మదర్‌బోర్డు మీది క్లాక్ చిప్ సెకనుకు ఇన్ని కోట్లని లెక్కగా కొట్టే మూల తాళాన్ని అది తనలో ఉన్న ఒక గుణకంతో హెచ్చించుకొని నడుస్తుంది, అదే తాళం నుంచి వేరొక నిష్పత్తిలో ర్యామ్ వేగమూ పుడుతుంది. కోర్ 2 కాలం దాకా వచ్చిన ఇంటెల్ ప్రాసెసర్లలో ఆ మూల వేగాన్ని ఎఫ్‌ఎస్‌బీ (ఫ్రంట్ సైడ్ బస్) అనీ, గుణకాన్ని మల్టిప్లయర్ అనీ వ్యవహరించేవారు. చవక ప్రాసెసర్ల మల్టిప్లయర్‌ను పైకి జరపకుండా కంపెనీ తాళం వేసినందువల్ల చేయి పెట్టడానికి మిగిలింది ఎఫ్‌ఎస్‌బీ ఒక్కటే, దాన్ని కదిపితే దాని మీద ఆధారపడినవన్నీ కదులుతాయి. ఈ విద్యలోని కష్టం, ఇష్టం రెండూ అక్కడే ఉన్నాయి.

1998లో వచ్చిన సెలెరాన్ 300ఏ ఇందుకు అందరికీ తెలిసిన ఉదాహరణ. 66 మెగాహెర్ట్జ్ ఎఫ్‌ఎస్‌బీని నాలుగున్నరతో హెచ్చించుకొని 300 మెగాహెర్ట్జ్‌లో నడవవలసిన ఆ చిప్, ఎఫ్‌ఎస్‌బీని 100కు మార్చగానే చాలా బోర్డుల మీద 450లో నిలకడగా పనిచేసింది. అయితే ఆ రోజుల్లో 66 నుంచి 100కు ఎగిరినవారి కన్నా, జాగ్రత్త పేరుతో మధ్యలో 83 దగ్గర ఆగినవారే ఎక్కువ చిక్కుల్లో పడేవారన్న సంగతిని ఆ కథ చెప్పేవారు తరచూ మరచిపోతారు. కార్డులూ హార్డ్ డిస్కూ ఆధారపడే పీసీఐ మార్గం వేగం కూడా ఎఫ్‌ఎస్‌బీ నుంచే పుట్టేది. 66ను రెండుతో భాగించినా, 100ను మూడుతో భాగించినా దానికి తగిన 33 మెగాహెర్ట్జే వచ్చేది కానీ, 83ను రెండుతో భాగిస్తే దాదాపు 42 వచ్చి, డిస్కు మీద రాసే సమాచారమే చెడిపోయే ప్రమాదం ఉండేది. పెద్ద అంగ క్షేమంగా ముగిసి చిన్న అంగ ముంచడం వినడానికి విడ్డూరమే అయినా, నిష్పత్తి తెలిసినవారికి అందులో ఆశ్చర్యం లేదు. (ఏఎండీ కంపెనీ 2000 సంవత్సరంలో తెచ్చిన డ్యూరాన్, అథ్లాన్ చిప్‌ల మీద తెంచి ఉంచిన సన్నని గీతలను మామూలు పెన్సిల్‌తో కలిపి మల్టిప్లయర్ తాళాన్నే తీసేసేవారు, పెన్సిల్‌లోని గ్రాఫైట్ గుండా విద్యుత్తు ప్రవహించడమే అందులోని రహస్యం.)

తెలంగాణలో ఈ విద్యకు సరుకు దొరికిన చోటు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, అందరి నోటా సీటీసీ. సిద్దిపేట జిల్లా మర్కూక్ వంటి మండలాల నుంచి రాజీవ్ రహదారి పట్టుకొని వచ్చేవారికి బ్రాండెడ్ కంప్యూటర్ కన్నా అసెంబుల్డ్ సిస్టమ్ చవకగా దొరికేది అక్కడే. ప్రాసెసర్, బోర్డు, ర్యామ్, ఎస్‌ఎంపీఎస్ అంటూ దేనికది ధర చెప్పే ఆ కొనుగోలు పద్ధతిలోనే తరవాతి చిక్కుకు బీజం ఉంది, ఎందుకంటే విడివిడిగా కొన్నవాటికి జత కుదిరిందా లేదా అన్నది బిల్లులో కనిపించదు.

2007లో వచ్చిన పెంటియం డ్యూయల్ కోర్ ఈ2160ను తీసుకుంటే ఆ చిక్కు లెక్కతో సహా తెలుస్తుంది. దాని ఎఫ్‌ఎస్‌బీ 200, మల్టిప్లయర్ 9, వేగం 1.8 గిగాహెర్ట్జ్. దానితో డీడీఆర్2-800 రకం ర్యామ్ కొన్నవారు ఉంటారు. ఒక్కో తాళానికి రెండుసార్లు సమాచారం పంపే మెమరీ కాబట్టి దాని పేరులో 800 ఉన్నా అసలు క్లాక్ 400, అంటే ఎఫ్‌ఎస్‌బీకి రెట్టింపు. బోర్డు ఆ నిష్పత్తిని 1:2గా పెట్టుకొని కూర్చుంటుంది. ఇక ఉత్సాహవంతుడు బోర్డు సెట్టింగులుండే బయోస్‌లోకి వెళ్లి, నిష్పత్తి జోలికి పోకుండా ఎఫ్‌ఎస్‌బీని ఒక్కసారిగా 266కు పెంచి సేవ్ చేస్తే ప్రాసెసర్ వెళ్లేది 2.4 గిగాహెర్ట్జ్‌కే, అది దానికి పెద్ద భారం కాదు. కానీ ర్యామ్ 533కు, అంటే డీడీఆర్2-1066 వేగానికి నెట్టబడుతుంది. ఫ్యాను తిరుగుతుంది, తెర మీద ఏమీ రాదు. ప్రాసెసర్ తట్టుకోలేకపోయిందని అతడు దానికి వోల్టేజీ పెంచుతాడు, ఫలితం ఉండదు, చిప్ మంచిది కాదని తీర్మానిస్తాడు. నిజానికి చేయవలసింది నిష్పత్తిని ముందుగా 1:1కు దించి, ఆ తరవాత ఎఫ్‌ఎస్‌బీని కొద్దికొద్దిగా పైకి తీసుకుపోవడం. 333 దగ్గర ఈ2160 సరిగ్గా 3 గిగాహెర్ట్జ్ చేరుతుంది, ర్యామ్ డీడీఆర్2-667 వేగంలో తన హద్దుకు చాలా కిందనే ఉంటుంది. తెర రాని బోర్డును మళ్లీ దారికి తేవడానికి కరెంటు తీసి, ఆ సెట్టింగులను చెరిపే సీమాస్ జంపర్‌ను మార్చడమో, నాణెం లాంటి సీఆర్2032 బ్యాటరీని కాసేపు బయటికి తీయడమో చాలు. మొదటిసారి ఆ పని చేసేటప్పుడు చేతులు వణకడం మాత్రం సహజం.

ర్యామ్‌ను హద్దు దాకా నడపకుండా 1:1 దగ్గర ఉంచడం పిసినారితనంగా కనిపించవచ్చు కానీ, ఆ తరం యంత్రాల్లో దానికి గట్టి కారణం ఉంది. ప్రాసెసర్‌నూ మెమరీ కంట్రోలర్ ఉన్న చిప్‌నూ కలిపే మార్గం ఒక్కో తాళానికి నాలుగుసార్లు, ప్రతిసారీ 8 బైట్లు మోస్తుంది కాబట్టి 333 దగ్గర సెకనుకు సుమారు 10.7 గిగాబైట్లు దాని పరిమితి. రెండు ర్యామ్ స్టిక్కులను జంటగా, అంటే డ్యూయల్ ఛానల్‌లో పెడితే డీడీఆర్2-667 ఇవ్వగలిగేదీ సరిగ్గా అంతే. మర్కూక్ పంపుహౌస్ పనితీరు ఎరిగినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. కాళేశ్వరం ఎత్తిపోతల పథకం నీటిని అక్కారంలో 27 మెగావాట్ల మోటార్లు ఆరూ, ఆపైన మర్కూక్‌లో 34 మెగావాట్ల మోటార్లు ఆరూ వరసగా ఎత్తితేనే 15 టీఎంసీల కొండపోచమ్మ సాగర్ జలాశయానికి చేరుతుంది, 2020 మే 29న ప్రారంభమైనది ఆ ఏర్పాటే. మర్కూక్ మోటారు పెద్దదైనంత మాత్రాన అక్కారం పంపినదానికన్నా ఎక్కువ నీరు ఎత్తలేదు. అలాగే మార్గం మోయలేని వేగంలో ర్యామ్ ఉన్నా, అది పంపగల అదనం దారిలోనే ఆగిపోతుంది. ఇందులోంచే ఇంకొక సంగతి తేలుతుంది. ఖర్చు తగ్గించడానికి ఒకే స్టిక్కుతో అసెంబుల్ చేసిన సిస్టమ్‌లో మెమరీ నుంచి వచ్చే ప్రవాహం సగమే, కనుక అలాంటి యంత్రం యజమాని ఓవర్‌క్లాకింగ్‌కు ముందు అదే రకం స్టిక్కు ఇంకొకటి వెతికి తెచ్చుకోవడం తెలివైన పని.

ప్రవాహంతో పాటు ఆలస్యం కూడా లెక్కలోకి వస్తుంది. ర్యామ్‌ను ఒక సమాచారం అడిగిన తరవాత అది వచ్చేలోగా గడిచే తాళాల సంఖ్యను క్యాస్ లేటెన్సీ అంటారు. డీడీఆర్2-800 స్టిక్కు 5 తాళాల్లో జవాబిస్తే పట్టే కాలం 12.5 నానోసెకన్లు, దాన్నే 667కు దించి అదే 5 ఉంచితే 15 నానోసెకన్లు అవుతుంది, 4కు తగ్గించగలిగితే తిరిగి 12కు వస్తుంది. వేగం దించినప్పుడు లేటెన్సీని కూడా బిగించాలన్న నియమానికి ఆధారం ఈ లెక్కే. స్టిక్కు మీద ఉండే ఎస్‌పీడీ అనే బుల్లి చిప్‌లో తయారీదారు రాసిపెట్టిన సంఖ్యలను సీపీయూ-జడ్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ చూపిస్తుంది, వేర్వేరు కంపెనీల స్టిక్కులు కలిపినవారు వాటిలో బలహీనమైనదాని సంఖ్యలకే కట్టుబడడం క్షేమం.

వేడి విషయంలో తెలంగాణ ఎండలు ఏ పుస్తకమూ చెప్పని పాఠం చెబుతాయి. చిప్ వాడే విద్యుత్తు వేగానికి అనుపాతంగానూ, వోల్టేజీ వర్గానికి అనుపాతంగానూ పెరుగుతుంది, 1.25 వోల్టుల దగ్గర 1.8లో నడిచేదాన్ని 1.4 వోల్టులిచ్చి 3 గిగాహెర్ట్జ్‌లో నడిపితే, స్థిరంగా కారిపోయే విద్యుత్తును పక్కన పెట్టినా, వేడి రెట్టింపు దాటుతుంది. ఎంత మంచి ఫ్యాను కూలరైనా గది గాలి కన్నా చిప్‌ను చల్లబరచలేదు, ఆ గాలికి ఇన్ని డిగ్రీలు ఎక్కువ అన్న తేడాను తగ్గించడమే దాని పని. ఆ తేడా 35 డిగ్రీలనుకుంటే జనవరిలో 20 డిగ్రీల గదిలో 55 దగ్గర హాయిగా ఉన్న యంత్రం, మే నెలలో 40 డిగ్రీల గదిలో 75ను తాకుతుంది. చల్లని దేశాలవారు ప్రకటించే సంఖ్యలను ఇక్కడ యథాతథంగా నమ్మడం అందుకే అవివేకం. హీట్‌సింక్ రెక్కల మధ్య పేరుకున్న దుమ్మును బ్రష్‌తో దులిపి, ఎండి పెళుసెక్కిన థర్మల్ పేస్టును తుడిచి కొత్తది రాయకుండా బయోస్ తెరవడం అసలే తగదు.

నిలకడను పరీక్షించే పద్ధతి ఈ విద్యలోకెల్లా అందమైన భాగం. ముందు మెమ్‌టెస్ట్86తో మెమరీని, ఆపైన ప్రైమ్95తో ప్రాసెసర్‌ను గంటల తరబడి శ్రమపెడతారు. ఈ రెండోది జార్జ్ వోల్ట్‌మన్ 1996లో మొదలుపెట్టిన మెర్సెన్ ప్రధాన సంఖ్యల అన్వేషణ కోసం పుట్టిన సాఫ్ట్‌వేర్. అది మహా సంఖ్యలను దశాంశాల పద్ధతిలో గుణిస్తుంది, ఫలితాలన్నీ పూర్ణసంఖ్యలకు దగ్గరగా వచ్చి తీరాలి. ప్రాసెసర్ ఒక్క అంకె తప్పినా, రౌండింగ్ తేడా 0.5 వచ్చింది, 0.4 లోపు ఉండవలసింది అని తెర మీద రాసి ఆగిపోతుంది. విండోస్ చక్కగా నడుస్తోంది, పాటలు వస్తున్నాయి, గేమ్ ఆడుతోంది; అయినా యంత్రం లోపల లెక్క తప్పుతోందని తెలియజెప్పేది ఆ ఒక్క వాక్యమే. ఆ వాక్యం చూసినప్పుడు వోల్టేజీనీ, ఎఫ్‌ఎస్‌బీనీ, మెమరీ నిష్పత్తినీ ఒకేసారి మార్చేవారు కారణాన్ని ఎన్నటికీ కనుక్కోలేరు. ఒకసారికి ఒక్కటే మార్చి, కాగితం మీద రాసుకొని, మళ్లీ పరీక్షించేవారికే అది దొరుకుతుంది.

2011 జనవరిలో శాండీ బ్రిడ్జ్ ప్రాసెసర్లతో ఈ అధ్యాయం చాలావరకు మూతపడింది. మూల వేగమైన 100 మెగాహెర్ట్జ్ మీదనే పీసీఐ ఎక్స్‌ప్రెస్, సాటా వంటివన్నీ ఆధారపడేలా ఇంటెల్ వాటిని రూపొందించినందువల్ల దాన్ని కొద్ది శాతానికి మించి కదపడం కుదరలేదు. మల్టిప్లయర్ తాళం లేని కే రకం చిప్‌లను అదనపు ధరకు అమ్మారు. చవక చిప్‌ను ఖరీదైన చిప్‌తో సమానం చేసే పని, ఖరీదైన చిప్‌ను మరింత పరుగెత్తించే పనిగా మారింది. ఈనాడు ఒక ఈ2160ను 3 గిగాహెర్ట్జ్‌కు చేర్చినందువల్ల కలిగే లాభం ఎస్‌ఎస్‌డీ పెట్టినందువల్ల కలిగే లాభం ముందు చిన్నదేనని ఒప్పుకోవాలి. అయినా మూలకు చేరిన పాత సిస్టమ్ మీద దీన్ని సాధన చేసిన విద్యార్థికి బస్సు, నిష్పత్తి, లేటెన్సీ, వోల్టేజీ అన్నవి పరీక్ష కోసం కంఠస్థం చేసే మాటలుగా మిగలవు. అలాంటి సాధనకు కూర్చునేవారు, బోర్డు సెట్టింగులను రెండు పేర్లతో భద్రపరచుకొనే సౌకర్యం ఇస్తే, ఒకదాన్ని చలికాలానికి 333 దగ్గర, రెండోదాన్ని ఏప్రిల్, మే నెలలకు 300 దగ్గర కాస్త తక్కువ వోల్టేజీతో ఉంచుకోవచ్చు; 2.7 గిగాహెర్ట్జ్ అయినా అది కంపెనీ ఇచ్చినదానికి ఒకటిన్నర రెట్లే.