ఆకు నుంచి మొక్క, పేరుతో సహా

ఆఫ్రికన్ వయొలెట్ ఆకునొకదాన్ని కాడతో సహా తుంచి తడి మట్టిలో గుచ్చితే రెండు మూడు నెలల్లో కాడ మొదట్లోంచి చిన్న చిన్న మొక్కలు గుంపుగా లేస్తాయి. పెద్దయ్యాక ప్రతిదీ తల్లిలాగే పూస్తుంది. అదే రంగు, రేకు అంచున అదే ముడత, అదే ఆకు ముఖం. అంటు కట్టక్కర్లేదు, ప్రయోగశాల అక్కర్లేదు. కిటికీ దగ్గర బల్ల, కొత్త బ్లేడు, చిల్లులు పెట్టిన టీ కప్పు ఉంటే చాలు. ఇంత తేలిగ్గా కనిపిస్తుంది కాబట్టే దీన్ని ఎవరూ విద్య కింద లెక్కెయ్యరు. నేను లెక్కేస్తాను. దాదాపు వందేళ్లుగా వేల రకాలు తమ తమ పేర్లతో ఇళ్లల్లో బతుకుతున్నాయంటే ఆ ఘనత ఈ పని తెలిసిన చేతులదే.

మొక్క పుట్టిల్లు తూర్పు ఆఫ్రికా. ఇప్పటి టాంజానియాలో ఉసంబర కొండలున్నాయి. అక్కడి అడవి నీడలో, నాచు పట్టిన రాళ్ల సందుల్లో పెరిగేది. 1892లో అక్కడ జర్మన్ అధికారిగా ఉన్న బారన్ వాల్టర్ ఫాన్ సెయింట్ పాల్ దీన్ని చూసి స్వదేశంలో ఉన్న తండ్రికి పంపాడు. పంపింది గింజలా మొక్కలా అన్నదానిమీద రెండు మాటలూ వినబడతాయి. మరుసటి ఏడు హెర్మన్ వెండ్‌లాండ్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు దానికి ఆ కుటుంబం పేరే పెట్టి సెయింట్‌పాలియా అన్నాడు. 2015లో శాస్త్రజ్ఞులు ఆ ప్రజాతిని స్ట్రెప్టోకార్పస్‌లో కలిపేశారు గానీ, పెంచేవాళ్ల నోట ఇప్పటికీ పాత పేరే. 1920లలో లాస్ ఏంజెలెస్‌లోని ఆర్మకోస్ట్ అండ్ రాయిస్టన్ నర్సరీ వాళ్లు జర్మనీ, ఇంగ్లండుల నుంచి గింజలు తెప్పించి, మొలిచిన నారులోంచి ఏరి ఏరి పది మొక్కలు నిలబెట్టారు. వాటిలో ‘బ్లూ బాయ్’ ఒకటి. ఈనాటి రకాల్లో ఎన్నిటికో అది ముత్తాత. 1946లో అట్లాంటాలో ప్రదర్శన పెట్టి, అమెరికా ఆఫ్రికన్ వయొలెట్ సంఘాన్ని స్థాపించారు. చరిత్ర ఇంతమాత్రం తెలిస్తే చాలు. అసలు సంగతి ఆకు దగ్గరుంది.

ఏ ఆకు కొయ్యాలి? అట్టడుగు వరుసలో ముదిరినది పనికిరాదు. దానిలో సత్తువ అయిపోయి ఉంటుంది. నడిమధ్య గుబురులో లేతదీ పనికిరాదు. అది ఇంకా తన కోసమే పెరుగుతుంటుంది. నడిమి వరుసలో గట్టిగా, మచ్చ లేకుండా, ముందు రోజు నీళ్లు తాగి నిండుగా ఉన్న ఆకు కావాలి. తెలుపు, గులాబీ చారలున్న రకాలైతే అన్నిటికన్నా పచ్చగా ఉన్న ఆకునే ఎంచాలి. తెల్లదనం ఎక్కువైన ఆకు వేరు తొడిగినా దానికి పుట్టే పిల్లలు పచ్చదనం లేక చచ్చిపోతాయి.

కాడను ఒక అంగుళం, అంగుళంన్నర ఉంచి ఏటవాలుగా కొయ్యాలి. కోసిన ముఖం ఆకు పైభాగం వైపు తిరిగి ఉంటే పిల్లలు ఆకు ముందు లేస్తాయి, వెలుతురు దొరుకుతుంది. వెనక్కి తిరిగితే ఆకు చాటున పడి సన్నగా సాగిపోతాయి. చిన్న కోత, కానీ చెయ్యి తిరిగినవాళ్లెవరో తిరగనివాళ్లెవరో అది చూస్తే తెలుస్తుంది. ఆకు పెద్దదైతే కొసన మూడోవంతు కత్తిరించేస్తారు. అప్పుడు ఆకు తాను పెరగడం మానుకుని ఉన్న బలాన్ని కిందికి పంపుతుంది. ఈ ఒడుపు తెలిసినవాళ్ల బల్ల మీద కప్పులు చూస్తే ముచ్చటేస్తుంది. సగం సగం ఆకులు వరసగా నిలబడి, ప్రతిదాని పాదాల దగ్గర పచ్చటి గుంపు.

గాజు గ్లాసులో నీళ్లు పోసి అందులో ఆకు నిలబెట్టే అలవాటు చాలామందికుంది. నాకది గిట్టదు. నీళ్లలో పుట్టిన వేర్లు పెళుసుగా ఉంటాయి. మట్టిలోకి మార్చగానే మళ్లీ కొత్త వేర్లు తొడుక్కోవాలి, నెల వృథా. మొదటి రోజునే మట్టిలో పెట్టాలి. మట్టంటే పెరటి మట్టి కాదు. పీట్, పెర్లైట్, వర్మిక్యులైట్ కలిపిన తేలికపాటి మిశ్రమం. మనవైపు పీట్ కన్నా కొబ్బరి పొట్టు సులువుగా దొరుకుతుంది, దానితోనూ బాగా వస్తుంది. ఉప్పు పోయేదాకా రెండు మూడు నీళ్లు మార్చి కడగాలి, అంతే. మిశ్రమం పిండితే చుక్క కారకూడదు, తాకితే చల్లగా తగలాలి. కాడను అర అంగుళం లోతున గుచ్చి, పారదర్శకంగా ఉండే స్వీటు డబ్బాలోనో ప్లాస్టిక్ సంచిలోనో పెట్టి మూసెయ్యాలి. ఎండ పడని వెలుతురు, 20 నుంచి 25 డిగ్రీల వెచ్చదనం. బెంగుళూరులో ఏడాదిలో చాలా నెలలు దొరికే వాతావరణమే ఇది. హైదరాబాదులో, విజయవాడలో వేసవి వస్తే మాత్రం ఇంట్లో అన్నిటికన్నా చల్లటి గదిని దీనికి ఇచ్చెయ్యాల్సిందే. మూడు నాలుగు వారాల్లో వేరు పడుతుంది, రెండు మూడు నెలల్లో పిల్లలు. మధ్యలో ఆకు పీకి చూసేవాళ్లకు ఈ విద్య అబ్బదు.

ఇక పిల్లల్ని విడదీసే రోజు. ఈ పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం. పిల్ల ఆకులు రూపాయి బిళ్లంత అయ్యేదాకా ఆగాలి. మిశ్రమం కాస్త పొడిగా ఉన్నప్పుడు గుంపునంతా కప్పులోంచి అరచేతిలోకి బోర్లించి, పళ్లపుల్లతో ఒక్కో మొక్కనూ విడదీస్తారు. ఏ ఆకు ఏ మొక్కదో కనిపెట్టాలి. ప్రతిదానికీ తన నడిగుబురు తనకు ఉండాలి. రెండు గుబుర్లు కలిసి ఒక కుండీలో పడ్డాయో, ఆ మొక్క జన్మలో గుండ్రంగా ఎదగదు. వేరు లేని బుల్లి పిల్లను కూడా పారెయ్యరు, మూతకింద పెడితే అదీ వేరు తొడుగుతుంది. తల్లి ఆకు గట్టిగా ఉంటే కాడ మళ్లీ కోసి రెండో కాన్పుకు పెడతారు.

కుండీ చిన్నది కావాలి. రెండు అంగుళాలు, మించితే రెండున్నర. పెద్ద కుండీలో పెడితే త్వరగా పెరుగుతుందని అనుకోవడమే ఈ మొక్కల పాలిట మృత్యువు. వేరు తాగలేనంత తడి మట్టిలో నిలిచిపోయి మొదలు కుళ్లుతుంది. మొక్క ఎంత వెడల్పు పరుచుకుందో దానిలో మూడోవంతు వెడల్పున్న కుండీ, ఇదే ఎప్పటికీ కొలత. ఒక అడుగు వెడల్పు పరుచుకున్న ప్రదర్శన మొక్క నాలుగు అంగుళాల కుండీలో కూర్చుని ఉంటుంది. నాటేటప్పుడు గుబురు మట్టికి పైనే ఉండాలి, అడుగు ఆకులు మట్టిని ఆనీ ఆననట్టుండాలి. వేలితో అదమకూడదు, కుండీని బల్లమీద రెండుసార్లు తడితే మట్టే సర్దుకుంటుంది.

ఆ తర్వాత మెడ. అడుగు ఆకులు ముదిరి తీసేస్తున్నకొద్దీ మొక్కకు బోసి మెడ తేలుతుంది. కొత్తవాళ్లు దాన్ని చూసి మొక్క పని అయిపోయిందనుకుంటారు. నిపుణులు వేరు ముద్దను అడుగునుంచి ఆ మెడ పొడవంత కోసి పారేసి, మెడను పైపైన గీకి, అదే కుండీలో కిందికి దించి, కొత్త మిశ్రమంతో మెడ కప్పేస్తారు. మెడలోంచి కొత్త వేర్లు వస్తాయి. ఆరునెలలకోసారి ఈ పని చేస్తే మొక్క ఏళ్ల తరబడి పడుచుగానే ఉంటుంది. నీళ్లకు వత్తి పద్ధతి ఉంది. అక్రిలిక్ ఊలుదారం కుండీ చిల్లులోంచి కింద ఉన్న నీళ్ల డబ్బాలోకి వదిలితే కావలసినంతే పైకి పీలుస్తుంది. నూలు దారం వెయ్యకూడదు, కుళ్లిపోతుంది. చన్నీళ్లు ఆకుమీద పడితే మాయని మచ్చలు.

ఇదంతా చేసినవాళ్ల మొక్క ఎలా ఉంటుందో ప్రదర్శనలో చూడాలి. ఆకు మీద ఆకు సమంగా పరిచి కుట్టిన విస్తరిలా కుండీ చుట్టూ గుండ్రంగా పరుచుకుని, మధ్యలో పూల గుత్తి. ఆ గుండ్రదనం కోసం కుండీని తరచూ పావు వంతు తిప్పుతారు, పక్కన లేచే పిలకల్ని పెన్సిలు మొనతో గిల్లేస్తారు, ప్రదర్శనకు రెండు నెలల ముందుదాకా మొగ్గ కనబడితే తుంచేస్తారు. అమెరికా సంఘం న్యాయనిర్ణేతలు వేసే 100 మార్కుల్లో ఆకుల అమరికకు 25, మొక్క ఆరోగ్యానికి 25, పూల సమృద్ధికి 25. పువ్వు పరిమాణానికి, తీరుకు 15. రంగుకు 10 మాత్రమే! రంగు మొక్కది, మిగతాది మనిషిది. ఇంత న్యాయమైన తీర్పు ఏ పోటీలోనూ చూడలేదు నేను.

మహానుభావుల సంగతికొస్తే న్యూయార్క్ రాష్ట్రంలో డోల్జ్‌విల్ అనే చిన్న ఊళ్లో లిండన్ లయన్ అనే ఆయన 1950లలో ముద్దగా పూసే గులాబీ రంగు వయొలెట్లు పుట్టించాడు. తీగలా పాకే రకాల వెనకా ఆయన చెయ్యి ఉంది. అదే రాష్ట్రంలో నేపుల్స్‌లో రాల్ఫ్ రాబిన్సన్ అరచేతిలో ఇమిడే బుల్లి వయొలెట్ల రారాజు. ‘రాబ్స్’ అని మొదలయ్యే పేరు చూశామంటే కళ్లు మూసుకుని తెచ్చుకోవచ్చు. జర్మనీలో హోల్ట్‌క్యాంప్ కుటుంబం పూలు రాలిపోని ‘రాప్సొడీ’ వరసను తెచ్చింది. తర్వాత వాళ్లు 1984లో 25,000 గింజల్ని అంతరిక్షంలోకి పంపారు. అవి దాదాపు ఆరేళ్లు కక్ష్యలో తిరిగి 1990లో దిగివచ్చాయి, మొలిచాయి. 1989లో నోలన్ బ్లాన్సిట్ లేత పసుపు పూయించినప్పుడు అది అసాధ్యమని చేతులెత్తేసినవాళ్లంతా నోళ్లు వెళ్లబెట్టారు. యుక్రెయిన్‌లోని విన్నిట్సాలో ఎలేనా లెబెత్స్‌కాయా పుట్టించిన పూలైతే ముడతల అంచులతో అరచేతికి నిండుగా ఉంటాయి. నన్నడిగితే ఈ తరంలో ఆమెను మించినవాళ్లు లేరు. ఆమె రకాలు ప్రపంచమంతా పాకింది ఆకుల రూపంలోనే, టపా కవర్లలో.

ఆకు ఓడిపోయే చోటు ఒకటుంది. కైమీరా అనే రకాల్లో ప్రతి రేకు నడుమా నిలువు చార ఉంటుంది. మొక్క పైపొరలో ఒక జన్యువు, లోపొరలో వేరొకటి ఉండటం వల్ల ఆ చార. ఆకు కాడ నుంచి లేచే పిల్లలు పైపొర కణాల్లోంచే పుడతాయి కాబట్టి చార పోయి ఒకే రంగు మిగులుతుంది. అందుకని పిలకను విడదీయాలి, లేదంటే పూకాడను కోసి, దానిమీద ఉండే రెండు బుల్లి ఆకుల చంకల్లోని మొగ్గల్ని మొలిపించాలి. పూకాడ మీద మొక్కను మొలిపించగలిగినవాళ్లకు నేను చేతులెత్తి దండం పెడతాను. కైమీరా ఖరీదెందుకో ఆ పని చూస్తే అర్థమవుతుంది.

ఇంత పనితనం మీద ఇవాళ దాడి జరుగుతోంది. ఇంటర్నెట్‌లో ‘ఆఫ్రికన్ వయొలెట్ గింజలు, పన్నెండు రంగులు’ అని పొట్లాలు అమ్ముతున్నారు. పక్కనే బొమ్మ: ఒకే పువ్వులో ఇంద్రధనుస్సు. ఏ సంకరకారుడూ ఇంతవరకూ పుట్టించని పువ్వది. ఎవరి మొక్క ఫొటోనో ఎత్తుకొచ్చి రంగులు పూసింది. పేరున్న సంకర రకం గింజ నుంచి తల్లిలా రానే రాదు. ఒక్కో గింజ ఒక్కో తీరు. అంటే ఫలానా రకం గింజలు అని ఎవరు అమ్మినా అది పచ్చి మోసం. ఆ పొట్లంలో ఏముందో తర్వాత సంగతి, చీటీ మీద రాసిందే అబద్ధం. అసలు వయొలెట్ గింజ దుమ్ములా ఉంటుంది. పొట్లం విప్పితే ఆవాలంతేసి గింజలు రాలాయంటే అవి ఏ మొక్కవో దేవుడికెరుక. డబ్బు పోతే పోయింది, మొలవని గింజతో విసిగిపోయి ‘ఈ మొక్క మనవల్ల కాదు’ అని మానేసినవాళ్లని తలచుకుంటే నాకు కడుపు మండిపోతుంది. నిజమైన ఆకొకటి వాళ్ల చేతికి అంది ఉంటే ఈపాటికి వాళ్ల కిటికీల్లో పూలుండేవి.

పేరు లేని మొక్కలు రెండో తెగులు. సూపర్‌మార్కెట్లలో మెరుపు కాగితం చుట్టి, తడి ముద్దలాంటి మట్టిలో, చీటీ లేకుండా అమ్ముతారు. పూసినన్నాళ్లు చూసి పారెయ్యడానికే. దాని పెంపకందారు ఎవరో, ఏ ఏడు పుట్టిందో కొన్నవాళ్లకు తెలియదు. ఇళ్లల్లోనూ ఇదే జరుగుతోంది. చీటీ చెరిగిపోయింది, అక్క ఇచ్చింది, ఊదా రంగుది. ఇలా అంటున్నప్పుడే ఒక రకం చచ్చిపోతోంది, మొక్క బతికున్నా సరే. పాత రకాలెన్నో ఇలాగే మాయమయ్యాయి, ఇప్పుడు వాటిని వెతుక్కుంటూ తిరిగేవాళ్లున్నారు. ఉసంబర అడవులు నరికేస్తుంటే అక్కడి అడవి జాతులు కొన్ని అంతరించే ప్రమాదంలో పడ్డాయి. పుట్టింట్లో అలా, అత్తింట్లో ఇలా.

కాబట్టి ఈ మొక్క పెంచుతున్న ప్రతివారినీ అడుగుతున్నాను. మీ దగ్గర పేరు తెలిసిన రకం ఒక్కటున్నా సరే, ఈ నెలలోనే దాని ఆకొకటి కోసి ఇంకొకరికి ఇవ్వండి. ఒక రకం కనీసం రెండు ఇళ్లల్లో ఉంటే, ఒక ఇంట్లో పోయినా రెండో ఇంటినుంచి ఆకు తిరిగొస్తుంది. దూరమైతే కొరియర్లో పంపండి. కాడ చివర తడి టిష్యూ కాగితం చుట్టి, ఆకును జిప్ కవర్లో పెట్టి, నలగకుండా గట్టి అట్టపెట్టెలో సర్దాలి. నడివేసవిలో పంపకండి. చీటీ విడిగా వెయ్యకండి, ఊడిపోతుంది. రకం పేరు, పుట్టించినవారి పేరు ఆకు మీదనే బాల్‌పెన్నుతో మెల్లగా రాయండి. ఆకుకేమీ కాదు, వేరు తొడిగి పిల్లలు పెట్టేదాకా ఆ రాత ఉంటుంది.