మెగలోపొలిస్: గాట్‌మన్ చూచినది, చూడనిది

గ్రీసు దేశమునకు దక్షిణమున పెలొపొనీసస్ అను ద్వీపకల్పము కలదు. క్రీస్తు పూర్వము నాలుగవ శతాబ్దిలో అచట ఒక పట్టణమును కట్టి, అది గ్రీకు నగరములన్నిటికంటె పెద్దది కావలెనను ఆశతో దానికి మెగలోపొలిస్, అనగా మహానగరము, అని పేరు పెట్టిరి. పేరు పెద్దదే కాని ఊరు చిన్నదిగనే మిగిలిపోయినది. ఇరువది మూడు శతాబ్దులు గడచిన పిదప, 1961లో, ఫ్రెంచి భూగోళ శాస్త్రజ్ఞుడు ఝాన్ గాట్‌మన్ ఆ పేరునే తీసి అమెరికా సంయుక్త రాష్ట్రముల ఈశాన్య సముద్రతీరమునకు పెట్టెను. ఈ మారు పేరు నిలిచినది. భూగోళ పాఠ్యగ్రంథములలోనికి ఎక్కినది. ఎక్కిన తరువాత, అందరు అను మాట కదా యని, దాని అర్థమును ఎవరును అంతగా పరీక్షింపరైరి.

ఎనిమిది వందల పుటలు గల ఆ గ్రంథమునకు విషయమైన నేల ఎంతది? ఉత్తరమున న్యూ హాంప్‌షైర్ రాష్ట్రపు దక్షిణ భాగము మొదలు వర్జీనియా రాష్ట్రపు ఉత్తర భాగము వరకు, తూర్పున అట్లాంటిక్ మహాసముద్రము మొదలు పడమట అపలేచియన్ పర్వతపాదముల వరకు. బోస్టన్, న్యూయార్క్, ఫిలడెల్ఫియా, బాల్టిమోర్, వాషింగ్టన్ నగరములు దీనిమీద దండలోని పూసలవలె వరుసగా ఉన్నవి. 1960 జనాభా లెక్కల నాటికి ఇచట సుమారు 3 కోట్ల 70 లక్షల మంది, అనగా ఆ దేశ జనాభాలో ఐదవ వంతు, నివసించుచుండిరి. 1961లో నాటి ఆంధ్రప్రదేశపు జనాభా 3 కోట్ల 60 లక్షలు. ఆంధ్రప్రదేశపు నేలలో సగము నేలపై అంతటి జనము కూడియున్నదని చెప్పినచో ఆ సాంద్రత విద్యార్థికి వెంటనే బోధపడును.

అభివృద్ధి చెందిన ప్రాంతమును గూర్చి పాఠశాలలలో చెప్పు పద్ధతి ఒకటి కలదు. మొదట శీతోష్ణస్థితి, పిమ్మట ఖనిజములు, పంటలు, పరిశ్రమలు, చిట్టచివర జనాభా. ఈ వరుసలో విన్న బాలునకు, ప్రకృతి ఇచ్చినది కావున మనుష్యులు బాగుపడిరి అని తోచును. గాట్‌మన్ చేసిన మొదటి మంచి పని ఈ వరుసను తారుమారు చేయుట. ఈ తీరమున ఇనుపరాయి స్వల్పము. న్యూ ఇంగ్లండు నేల హిమానీనదములు ఈడ్చి తెచ్చిన రాళ్ళతో నిండి నాగలికి లొంగనిది. బోస్టన్, రోము నగరములు ఇంచుమించు ఒకే అక్షాంశముపై ఉన్నను, ఖండము లోపలినుండి వీచు పడమటి గాలుల మూలమున బోస్టన్ శీతకాలము రోములో ఊహింపనైన రాదు. ఐశ్వర్యమును ప్రకృతి చేతికి అందించిన చోటు కాదిది.

ప్రకృతి ఇచ్చినది మరియొకటి: తీరము యొక్క ఆకృతి. హిమయుగము ముగిసి మంచు కరగగా సముద్రమట్టము పెరిగి నదుల దిగువ లోయలు మునిగిపోయినవి. హడ్సన్ లోయ మునిగి న్యూయార్క్ రేవు ఏర్పడినది. సస్క్వెహనా లోయ మునిగి చెసపీక్ అఖాతమైనది. హిమానీనదము తన చివరి హద్దున వదలిపోయిన మట్టిరాళ్ళ కుప్పలే లాంగ్ ఐలండునకు వెన్నెముక. ఇక న్యూ జెర్సీ నుండి దక్షిణముగా పోవుకొలది, పీడ్‌మాంట్ అను గట్టి రాతినేల తీరపు మెత్తని మైదానమును కలియుచోట నదులన్నియు జలపాతములై దిగును. దీనినే జలపాత రేఖ యందురు. సముద్రమునుండి వచ్చిన ఓడ అంతకంటె ఎగువకు పోజాలదు. సరకు అచటనే దింపవలెను. దింపినచోట సంత, నీరు దుమికినచోట మర. ట్రెంటన్, ఫిలడెల్ఫియా, బాల్టిమోర్, వాషింగ్టన్ ఈ రేఖమీదనే పెరిగినవి.

అట్లని రేఖయే వీనిని పెంచినదనుట పొరపాటు. వర్జీనియాలోని ఫ్రెడరిక్స్‌బర్గ్ కూడ ఈ రేఖమీదనే ఉన్నది. 2020లో దాని జనాభా 28 వేలకు మించలేదు. అపలేచియన్ కొండల నడుమ మోహాక్ నది చేసిన పల్లపు దారి యుగయుగములుగా ఉన్నదే. 1825లో 363 మైళ్ళ ఈరీ కాలువను ఆ దారిన త్రవ్వి ముగించిన పిదప గాని ఖండము లోపలి ధాన్యము న్యూయార్క్ రేవునకు ప్రవహింపలేదు. దారిని కనుగొన్నది, అప్పు తెచ్చినది, త్రవ్వినది మనుష్యులు. గాట్‌మన్ ఈ తీరమును ఖండమునకు ‘కీలు’ అనెను. ఒకవైపు సముద్రమార్గములు, రెండవవైపు లోపలి దేశము. రెండింటిని త్రిప్పునది ఈ కీలు. ఉపమానము చక్కనిది. కాని కీలు తాను కదలునే గాని, తలుపు దేనితో చేసినదో చెప్పదు. పందొమ్మిదవ శతాబ్ది పూర్వార్ధమున న్యూయార్క్ వర్తకుల చేతులమీదుగా ఐరోపాకు పోయిన సరకులలో ప్రత్తి ముఖ్యమైనది. మెరిమాక్ నది ఒడ్డున లోవెల్ పట్టణపు మరలు వడికినదియు ఆ ప్రత్తియే. దానిని పండించినవారు దక్షిణపు తోటలలోని బానిసలు. ఈశాన్యపు వర్తకుల తెలివితేటలను తరగతిలో మెచ్చుకొను ఉపాధ్యాయుడు ఆ ప్రత్తి బేళ్ళను కూడ చూపవలెను.

గ్రంథములోని ఆశ్చర్యకరమైన భాగము భూమి వినియోగమును గూర్చినది. ఇంతటి జనసమ్మర్దము గల ప్రాంతములో దాదాపు సగము నేల అడవి యని చదివినవాడు ఒకసారి వెనుకకు తిరిగి మరల చదువును. కారణము తెలిసినచో వింత యనిపించదు. ఈరీ కాలువ, ఆ తరువాత రైళ్ళు, పడమటి మైదానముల చవక ధాన్యమును తెచ్చి పోయగా న్యూ ఇంగ్లండు రైతు తన రాతి పొలమును విడిచి పట్నమునకో పడమటికో పోయెను. విడిచిన పొలములో చెట్లు మొలచినవి. నేడును ఆ అడవులలో నడచువానికి చెట్ల నడుమ రాతిగోడలు కనిపించును. అవి ఒకనాటి పొలముల గట్లు. అడవి అనగా ఎన్నడును మనిషి తాకనిది, పట్నము అనగా అడవి నశించిన చోటు అను మన భావన రెండువైపుల తప్పని ఈ గోడలు చెప్పుచున్నవి. గాట్‌మన్ ఈ ప్రాంతమును ఒకే నగరమని అనలేదు. అంచులు తేలని నీహారిక వంటిదనెను. ఆయన పేరు చెప్పి, బోస్టన్ నుండి వాషింగ్టన్ వరకు ఎడతెగక ఇండ్లే ఉన్నవని బోధించువారు ఆ గ్రంథమును తెరచి చూడలేదనియే అనుకొనవలెను.

వృత్తులను గూర్చి ఆయన చెప్పినది మరింత ముందుచూపు గలది. వ్యవసాయాదులు ప్రథమ వృత్తులు, పరిశ్రమలు ద్వితీయ వృత్తులు, వర్తకము, రవాణా, సేవలు తృతీయ వృత్తులు అని అర్థశాస్త్రజ్ఞులు విభజించిరి. గాట్‌మన్ మూడవదానినుండి ఒక భాగమును వేరుచేసి చతుర్థ వృత్తులనెను. లెక్కలు చూచుట, పరిశోధించుట, బోధించుట, ఒప్పందములు కుదుర్చుట, నిర్ణయములు చేయుట వీనిలోనివి. ఆకాశహర్మ్యములలో ఉత్పత్తి యగునది సరకు కాదు, నిర్ణయము. అరువది ఏండ్లకు పైబడినను ఈ విభజన చెల్లుచున్నది. 1965లో అమెరికా వలస చట్టము మారిన తరువాత ఆ దేశమునకు వెళ్ళిన తెలుగువారిలో పెక్కుమంది వైద్యము, పరిశోధన, గణకయంత్రముల పని, అనగా ఇట్టి వృత్తులే, చేపట్టిరి. నేడు న్యూ జెర్సీలోని ఎడిసన్ పరిసరములలో తెలుగు కుటుంబములు విస్తారము. వారు దిగినది మహానగరపు నడిబొడ్డున కాదు, నీహారికలో.

చిక్కు ఇచటనే ఆరంభమగుచున్నది. గాట్‌మన్ కంటె ముందు, 1938లో, లూయిస్ మంఫర్డ్ ఈ మెగలోపొలిస్ అను పదమునే వాడి, అది నగరపు పతనములో ఒక దశ యనెను. గాట్‌మన్ దానిని పొగడ్తగా మార్చెను. ఆయన జీవితమును చూచినచో ఆ ఉత్సాహము అర్థమగును. 1915లో ఖార్కోవులో పుట్టి, పసితనముననే తల్లిదండ్రులను పోగొట్టుకొని పారిస్‌లో పెరిగి, నాజీల బారినుండి తప్పించుకొని 1941లో అమెరికా చేరినవాడు. న్యూయార్కునకు, ఫిలడెల్ఫియాకు నడుమనున్న ప్రిన్స్‌టన్‌లో పని చేసెను. తనకు చోటిచ్చిన నేలను ఆయన ఆశతో చూచెను. కాని ఆశతో చూచు కంటికి కొన్ని అంకెలు ఆనవు.

1950లో బాల్టిమోర్ నగర జనాభా 9,49,708, 2020లో 5,85,708. ఫిలడెల్ఫియా 20,71,605 నుండి 16,03,797కు దిగినది. బోస్టన్ 8,01,444 నుండి 1980 నాటికి 5,62,994కు పడి, తరువాత కొంత కోలుకొని 2020లో 6,75,647 వద్ద ఉన్నది. న్యూయార్క్ ఒక్కటే 1950 నాటి సంఖ్యను దాటినది. అదే కాలములో ప్రాంతపు మొత్తము జనాభా 5 కోట్లను మించినది. అనగా నీహారిక విస్తరించుచుండగా నక్షత్రములు చల్లబడినవి. (దేశ జనాభాలో ప్రాంతపు వాటా మాత్రము ఐదవ వంతునుండి సుమారు ఆరవ వంతునకు తగ్గినది. దక్షిణమునకు, పడమటకు జనము తరలిపోవుట దీనికి కారణము.)

నగరములనుండి ఎవరు కదలిపోయిరి, ఎవరు మిగిలిరి అనునది అసలు ప్రశ్న. 1956 నాటి రాజమార్గముల చట్టము, మోటారు కారు, ఇంటి అప్పులకు ప్రభుత్వపు హామీ, ఈ మూడును తెల్లజాతివారిని శివారులకు చేర్చినవి. లాంగ్ ఐలండులో 1947లో మొదలైన లెవిట్‌టౌన్‌లో వేలకొలది ఇండ్లు కట్టిరి. నల్లజాతివారికి ఒక్కటియు అమ్మలేదు. అప్పులిచ్చుటకు తగని పేటలను ఎర్రరంగుతో గుర్తించిన పటములు 1930 దశాబ్ది నాటివి. దక్షిణమునుండి పనికై వచ్చిన నల్లజాతివారికి దక్కినది ఆ ఎర్రపేటలే. కర్మాగారములు కూడ కదలిపోగా వారికి పని సైతము దూరమైనది. 1967 జూలైలో న్యూవర్క్ నగరమున చెలరేగిన అల్లర్లలో 26 మంది చనిపోయిరి. 1968 ఏప్రిల్‌లో మార్టిన్ లూథర్ కింగ్ హత్యానంతరము వాషింగ్టన్, బాల్టిమోర్ మండినవి.

1961లో వ్రాసినవాడు 1967 సంగతి చెప్పలేదని తప్పుపట్టుట న్యాయము కాదు. కాని లెవిట్‌టౌన్, ఎర్రపటములు ఆయన కాలమునకు ముందువే. గ్రంథపు చివరి భాగములో ఇరుగుపొరుగు కష్టసుఖములు చర్చకు వచ్చిన మాట నిజమే. అవి అచట పెరుగుదల వలన పుట్టిన బాధలుగా కనిపించును. పెరుగుదలను ఈ రూపమున మలచిన శక్తులుగా కనిపించవు. ప్రాంతపు తలసరి ఆదాయము దేశమంతటిలో మిన్న యని చెప్పుట సత్యమే. సగటు ఎవరి ఇంటిలోను కాపురముండదు.

మరియొకటి ఆయన కాళ్ళ దగ్గరనే జరిగినది. 1956 ఏప్రిల్ 26న న్యూవర్క్ రేవునుండి ‘ఐడియల్ ఎక్స్’ అను ఓడ 58 ఇనుపపెట్టెలతో టెక్సాస్‌లోని హ్యూస్టన్‌కు బయలుదేరెను. సరకును మూటలుగా మోయుటకు బదులు పెట్టెతోసహా లారీమీదికి దింపు పద్ధతి అది. పెట్టెలు పేర్చుటకు విశాలమైన నేల కావలెను. అది న్యూ జెర్సీలో ఉన్నది, మన్‌హట్టన్ ద్వీపములో లేదు. కొన్ని ఏండ్లలోనే మన్‌హట్టన్ రేవుకట్టలు పాడుపడినవి, మూటలు మోసి బ్రతికిన వేలమందికి పని పోయినది. రేవు పెరిగినది, రేవుకూలి పోయెను. ‘కీలు’ తెగలేదు కాని స్థలము మారినది. ఒకప్పుడు ప్రపంచములోకెల్ల పెద్దదని పేరు పొందిన బాల్టిమోర్ దగ్గరి స్పారోస్ పాయింట్ ఉక్కు కర్మాగారము 2012లో మూతపడినది. ఇప్పుడచట గిడ్డంగులు ఉన్నవి.

ఇంతకు ఇది ఒక ప్రాంతమేనా? గాట్‌మన్ వాదమునకు బలమైన సాక్ష్యము రాజమార్గములలో కంటె నీటిలో దొరకును. న్యూయార్క్ నగరము తన త్రాగునీటిలో పెద్ద భాగమును డెలవేర్ నది ఎగువ ఉపనదులనుండి తెచ్చుకొనును. ఆ నదియే దిగువన ఫిలడెల్ఫియాకు ఆధారము. ఈ తగవుపై 1954లో సుప్రీంకోర్టు ఎవరికెంత నీరో తీర్పు చెప్పినది. గ్రంథము వెలువడిన 1961లోనే నాలుగు రాష్ట్రములును కేంద్ర ప్రభుత్వమును కలిసి నదీ పరీవాహక సంఘమును ఏర్పరచుకొన్నవి. 1965 నాటి అనావృష్టిలో న్యూయార్క్ జలాశయములనుండి దిగువకు నీరు వదలుట ఆపగా, సముద్రపు ఉప్పునీరు నదిలో ఫిలడెల్ఫియా వైపునకు ఎగబ్రాకినది. ఒకరు కుళాయి త్రిప్పినచో వేరొకరి నోటికి ఉప్పు తగులు నేలను ఒక ప్రాంతమనక తప్పదు. దానికి పాలకుడు ఒక్కడు లేడనుట వేరు మాట.

సముద్రమును గూర్చి మాత్రము గ్రంథము పాతబడినది. మునిగిన లోయ ఓడకు దారి ఇచ్చినట్లే తుపానునకును ఇచ్చును. 2012 అక్టోబరులో శాండీ తుపాను నాడు మన్‌హట్టన్ దక్షిణపు కొనలో నీరు 14 అడుగుల మట్టమునకు లేచి భూగర్భ రైలు సొరంగములలోనికి దిగినది. గత శతాబ్ది ఆరంభమునుండి అచట సముద్రమట్టము సుమారు ఒక అడుగు పెరిగినది. హిమయుగాంతమున మంచు కరగి ఈ రేవును చేసినది. ఇప్పటి మంచు కరుగుటకు లెక్క వేరు.

ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు ఎనిమిది వందల పుటలును చదువనక్కరలేదు. భూమి వినియోగమును గూర్చిన రెండవ భాగమును, చతుర్థ వృత్తులున్న మూడవ భాగమును చదివిన చాలును. గాట్‌మన్ తానే 1987లో తన ప్రాంతమును మరల పరామర్శించుచు ఒక చిన్న పుస్తకము ప్రచురించెను. దానిని ప్రక్కన పెట్టుకొనుట మేలు. నాలుగవ భాగమును తరగతిలో చెప్పునపుడు మాత్రము బాల్టిమోర్ జనాభా అంకెలను ముందుగా నల్లబల్లపై వ్రాసియుంచవలెను.