సీసాలో అరటి పిలకలు

పులివెందుల వైపు అరటితోటల్లో గెలలన్నీ ఇంచుమించు ఒకేసారి కోతకు రావడం చూసి రైతును మెచ్చుకుంటాం. సబబే. ఆ మెప్పులో కొంత వాటా మాత్రం ఏసీ గదిలో మాస్కు కట్టుకుని కత్తి, పట్టకారు పట్టుకుని కూర్చుని ఒకే తీరు మొక్కలు తయారుచేసే టిష్యూకల్చర్ పనివాళ్లకు దక్కాలి.

గ్రాండ్ నైన్ రకం అరటికి గింజ ఉండదు, పిలకే గతి. మంచి తల్లిచెట్టు పిలకను ఉల్లిపాయలా పొరపొరా వలిచి, లోపలి మొవ్వును మందునీళ్లతో కడిగి సీసాలో పెడతారు. అందులో మట్టి ఉండదు. లవణాలు, చక్కెర, హార్మోన్లు కలిపి అగర్‌తో గడ్డకట్టించిన మేత ఉంటుంది. ఆ లవణాల పాళ్లు 1962లో మురాషిగే, స్కూగ్ అనే శాస్త్రవేత్తలు పొగాకు కణజాలం కోసం కట్టినవి!

కొన్ని వారాలకోసారి పిలకల గుత్తిని విడదీసి కొత్త సీసాల్లోకి మార్చాలి. కత్తిని ప్రతిసారీ శుద్ధి చేయాలి. ఒక్క బూజు కణం చొరబడినా ఆ సీసా పారేయాల్సిందే. ఎక్కడ కోస్తే మొగ్గ బతుకుతుందో అలవాటైన చేతికే తెలుస్తుంది. అంతకన్నా గొప్పది, ఎప్పుడు ఆపాలో తెలియడం. ఆశకొద్దీ విభజిస్తూ పోతే తేడా మొక్కలు పుట్టుకొస్తాయి.

సీసా తేమలో పెరిగిన ఆకుకు మైనపు పూత సరిగా ఉండదు, బయటి గాలికి ఇట్టే వాడిపోతుంది. అందుకే కొబ్బరిపొట్టు ట్రేల్లో, ఆపైన షేడ్‌నెట్ కింద కవర్లలో ఓపిగ్గా ఎండకు అలవాటు చేస్తారు. తల్లిచెట్టులో వైరస్ ఉంటే మాత్రం ఈ నైపుణ్యమంతా రోగాన్నే పంచుతుంది. మొక్కలు కొనేటప్పుడు రైతు వైరస్ పరీక్ష కాగితం అడగాల్సింది అందుకే.