ఆంగ్లవాక్యంలో క్రియావిశేషణ స్థానం: తెలుగు విద్యార్థి దోషానికి మూలం

తాడేపల్లిగూడెం ఉల్లి వ్యాపారానికి పేరుపొందిన ఊరు. అక్కడి ఏ విద్యార్థికైనా సహజంగా తోచే వాక్యం: ‘వ్యాపారి నిన్న మార్కెట్‌లో ఉల్లిపాయలను త్వరగా అమ్మాడు.’ దీనిని ఆంగ్లంలోకి మార్చేటప్పుడు ‘ది ట్రేడర్ సోల్డ్ క్విక్లీ ది ఆనియన్స్’ అనే రచన పుడుతుంది. క్రియకూ కర్మకూ నడుమ క్రియావిశేషణం రాకూడదని వ్యాకరణ గైడ్లు దిద్దుతాయి. సూత్రం చాలావరకు సరైనదే. అయితే దోషం ఎందుకు పుట్టిందో అది చెప్పదు.

తెలుగులో క్రియ వాక్యాంతంలో ఉంటుంది. రీతిని తెలిపే ‘త్వరగా’ సాధారణంగా క్రియను అంటిపెట్టుకొని కర్మకూ క్రియకూ మధ్య నిలుస్తుంది. విద్యార్థి క్రియను ముందుకు జరిపినా ఆ సామీప్యాన్ని మాత్రం వదలడు. కనుక ఇది అజాగ్రత్త కాదు, మాతృభాషా నియమాన్ని పాటించడమే. కాల, స్థల, రీతి వాచకాల విషయంలోనూ ఇంతే: తెలుగులో ‘నిన్న, మార్కెట్‌లో, త్వరగా’ అన్న వరుస ఆంగ్లంలో సాధారణంగా తలకిందులవుతుంది. అద్దంలోని ప్రతిబింబం వంటి ఈ సంబంధాన్ని ఒక్కసారి చూపితే మూడు సూత్రాలు కంఠస్థం చేయించనక్కరలేదు.

పైగా గైడ్లు చెప్పినంత కఠినమైనది కాదు ఆ నిషేధం. కర్మ దీర్ఘమైతే, ఉదాహరణకు కర్నూలు నుంచి వచ్చిన ఉల్లిపాయలన్నీ అనే అర్థంలో, ‘సోల్డ్ క్విక్లీ ఆల్ ది ఆనియన్స్ దట్ హ్యాడ్ కమ్ ఫ్రమ్ కర్నూల్’ అనడాన్ని ఆంగ్లం అంగీకరిస్తుంది.

ఈ లోపానికి తెలుగు బోధన కూడా కొంత బాధ్యత వహించాలి. 1858 నాటి చిన్నయసూరి బాలవ్యాకరణంలో సంజ్ఞ మొదలు ప్రకీర్ణకం వరకు పది పరిచ్ఛేదాలున్నా వాక్యానికంటూ ప్రత్యేక పరిచ్ఛేదం లేదు. చేకూరి రామారావు ‘తెలుగు వాక్యం’ 1975లో వెలువడింది. అయినా పాఠశాలలో సంధి, సమాసాలకు దక్కే స్థానం పదక్రమానికి దక్కలేదు. సొంత వాక్యం అమరికను ఎన్నడూ గమనించని విద్యార్థి పరభాషావాక్యాన్ని దేనితో పోల్చుకోగలడు?

‘ఓన్లీ’ సంగతి మరింత చిక్కైనది. ‘ఉల్లిపాయలు మాత్రమే అమ్మాడు’లో ‘మాత్రమే’ తాను పరిమితం చేసే పదం వెంటనే వస్తుంది. ఆంగ్లంలో ‘ఓన్లీ సోల్డ్ ఆనియన్స్’ అంటూ క్రియకు ముందు నిలిచినా, ఉచ్చారణలోని ఊనిక కర్మను సూచిస్తుంది. ‘రేపే వస్తాను’ను ‘ఐ విల్ కమ్ టుమారో ఓన్లీ’గా మార్చినప్పుడు స్థానదోషం కంటే అర్థదోషమే పెద్దది: ఇక్కడి ‘ఏ’ పరిమితార్థకం కన్నా అవధారణార్థకం. ఊనికతో ‘టుమారో’ అంటే చాలు. ‘ఓన్లీ’ అవసరమే లేదు.